తొంభై, నూరు

కోసిగి దాటి ఆరు మైళ్ళు వస్తే
తారు రోడ్డు అయిపోయే చోట మా సబ్ సెంటరు.
ఒక టేబులు, కాలు విరిగిన బెంచీ,
పట్టీ పట్టు తప్పిన బీపీ మిషను.
పన్నెండేండ్లుగా ఈ ఊరి చేతులకు
దాన్ని చుడుతూనే ఉన్నా.

హుసేనమ్మది ఎప్పుడూ తొంభై.
పైది తొంభై, కిందది అరవై.
కొత్తలో బెదిరిపోయి రెండోసారి చూసినా, మూడోసారి చూసినా,
డాక్టరుకు ఫోను చేసినా
సెలైను పెట్టమంటారా సార్ అని.
ఆయన అడిగింది ఒకటే:
"ఆమె ఇప్పుడేం చేస్తాంది?"
కిటికీలోంచి తొంగిచూసినా.
బోరింగు కాడ ఒక బిందె నెత్తిన, ఇంకోటి సంకన,
వరసలో దూరినదానితో కొట్లాట కూడా మొదలుపెట్టింది.
"అయితే అది జబ్బు కాదమ్మా, ఆమె కొలత" అన్నాడు.

మా ఊరి వంక సన్నగానే పారుతుంది.
దాన్నెవరూ రోగిష్టిది అనరు.

ఎండాకాలం వేరే కథ.
కలుపు తీసి తీసి దిగ్గున లేచినవాళ్ళకు
కండ్ల ముందు చీకట్లు.
"నువ్వు లేచినావు, నీ నెత్తురింకా లేవలేదు,
దానికీ కొంచెం టైమియ్యి" అంటా.
గట్టు మీద కూర్చో, ఉప్పేసిన మజ్జిగ తాగు,
మంచం దిగేటప్పుడు కాళ్ళు వేలాడేసి పది లెక్కపెట్టు.
ఆరెంపీ అయితే ఒక సీసా ఎక్కించి
మున్నూరు తీసుకుంటాడు.
నా పది అంకెలకు పైసా రాదు,
అందుకే గౌరవం కూడా తక్కువ.

అట్లని తక్కువంటే నవ్వేసే అలవాటు
నాకూ వచ్చేసింది.
తప్పు అక్కడ మొదలైంది.

పత్తి తీసే దినాల్లో ఉరుకుందమ్మ వచ్చింది.
మాత్రలేసుకున్నా నూటయాభై దిగని మనిషి.
ఆ పొద్దు నూరు.
"నీ పోరు పడలేక తగ్గినాది మేడం" అని నవ్వింది.
నేనూ నవ్వినా.
రిజిస్టరులో నూరు అని గుండ్రంగా రాసినా.
రాసి, ఆమె చెయ్యి వదలబోయి
వదల్లేకపోయినా.

సల్లగా ఉంది. తడిగా ఉంది.
బయట చూస్తే రాళ్ళు పగిలే ఎండ.
నాడి నా వేళ్ళ కింద
కంది చేలో కుందేలు పారినట్టు పరిగెత్తుతాంది.

"మోకాళ్ళకేమైనా వాడుతున్నావా?"
"అంగట్లో పొట్లాలమ్మా. నెలయింది. బాగా పని చేస్తాయి."
బెంచీ మీద మగోళ్ళున్నారని గొంతు తగ్గించి
ఇంకోటి అడిగినా.
కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది:
"రెండు దినాలుగా తారు మాదిరి."

నూరు.
పుస్తకంలో అది మంచి అంకెనే.
కానీ ఆమె ఒంట్లోంచి పోయిన యాభై
ఎక్కడికి పోయిందని నేను అడగలేదు.
కడుపులోనే, చప్పుడు లేకుండా,
పాత గోలెం అడుగున కారినట్టు కారింది.
ఉప్పు నీళ్ళతో పూడే పగులు కాదది.

నూట ఎనిమిదికి ఫోను చేసినా.
ఆ పొద్దు నేను నమ్మిన అంకె అదొక్కటే.
బండి వచ్చేదాకా బెంచీ మీద పండబెట్టి
కాళ్ళ కింద మందుల అట్టపెట్టె పెట్టినా.
"పత్తి సగమే అయింది, కూలి కోస్తారు" అంటానే ఉంది,
నడుమ నడుమ నా పేరు మర్చిపోయి
వాళ్ళక్క పేరుతో పిలుస్తానే ఉంది.

ఆదోనిలో మూడు సీసాల నెత్తురు.
ఒకటి వాళ్ళ అల్లుడిది.
రెండోది ఆటో నడిపే పిల్లోడిది.
మూడోది ఎవరిదో ఇప్పటికీ తెలీదు.

అప్పట్నుంచి రిజిస్టరులో
నేటి అంకె పక్కన పెన్సిలుతో
పోయిన నెలది రాసుకుంటా.
పైనుంచి వచ్చిన సారు ఒకాయన
గడి దాటి రాయకూడదన్నాడు.
ఆయనకు చెయ్యి పట్టుకుని చూపించలేను కదా.
జ్వరం దిగిందని సంబరపడే ఇంట్లో
సల్లబడి, మాట తడబడి,
పొద్దున్నుంచి ఒంటేలుకు పోని పిల్లోడుంటాడు.
వాడికి అంకె ఆఖరున పడుతుంది.
చెయ్యి ముందే చెప్తుంది.

నెలకు ఉరుకుందమ్మ తిరిగొచ్చింది.
పట్టీ చుట్టినా. గాలి తుస్సుమనేదాకా
ఇద్దరం ఊపిరి బిగబట్టినాము.
"ఎంతుండాది?"
"నూట నలభై ఎనిమిది."
"పెరిగిందా?" అని మొగం చిన్నబుచ్చుకుంది.
"నీది నీకు తిరిగొచ్చింది" అన్నా.
మాత్రల గొడవ రేపట్నుంచి.

బయట బోరింగు కాడ
హుసేనమ్మ గొంతు వినిపిస్తానే ఉంది.
తొంభై.